క్యాలెండర్ మీద చుక్కలు

నాకు అక్షరాలు అరవయ్యో ఏట వచ్చాయి. నేర్పింది నా మనవరాలు. ఆదివారం తెలుగు క్లాసులో తను నేర్చుకున్నది సోమవారం నాతో దిద్దించేది. తెలుగు అయ్యాక ఇంగ్లీషు మొదలుపెట్టింది. దేశం దాటొచ్చి మేముంటున్న సెంగ్‌కాంగ్‌లో ఎల్ఆర్‌టీ రైలు కొత్తగా తిరుగుతున్న రోజులవి. కొడుకు కంప్యూటర్ల ఆఫీసుకూ కోడలు బ్యాంకుకూ పొద్దున్నే వెళ్ళిపోయేవాళ్ళు. ఫ్లాటులో పెత్తనం నాదే.

అక్షరాలకు ముందే నాకు ఒక రాత తెలుసు. మనవరాలు దూరంగా ఉండే రోజులకు వంటింటి క్యాలెండర్ మీద పెన్సిలుతో చుక్క పెట్టేదాన్ని. ఆ మూడు రోజులూ అది దేవుడి అలమర దగ్గరికి రాకూడదు, చాప మీదే పడుకోవాలి. ఈ దేశంలో కూడా ఆచారం తప్పనివ్వలేదని మనవాళ్ళలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

దానికి పదిహేడేళ్ళప్పుడు వరసగా రెండు నెలలు చుక్క పడలేదు. పొత్తికడుపు పట్టుకుని సోఫాలో ముడుచుకుంటే స్కూల్ ఎగ్గొట్టే వేషాలన్నాను. మూడో నెలలో, మా బ్లాకు కిందున్న పోస్టు డబ్బాలోకి దాని పేరున ఒక కవరు వచ్చింది. చింపి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. టోవా పాయో. ఆడవాళ్ళ క్లినిక్. స్కానింగ్. గురువారం. మొదటి నుంచి చివరిదాకా నేను చదివిన మొదటి ఇంగ్లీషు ఉత్తరం అదే.

మనవరాలు స్కూలు నుంచి రాగానే ఉత్తరం ఎదురుగా పెట్టాను.

"టోవా పాయోలో నీకేం పనే?"

"నా లెటర్ నువ్వెందుకు ఓపెన్ చేశావ్ నానమ్మా?"

"అడిగిందానికి చెప్పు."

"కడుపు నొప్పి. ఒక డాక్టర్‌కి చూపించుకున్నా, స్కాన్ చేయించుకోమన్నారు."

"మన బ్లాకు కిందే తెలుగు డాక్టరుండగా అంత దూరమెందుకు?"

"ఆ అంకుల్ మమ్మీకి చెప్తాడు. నెక్స్ట్ ఉగాది ఫంక్షన్‌లో ఆంటీలందరూ నా కడుపే చూస్తారు."

"చూడ్డానికేదో ఉంటేనేగా చూసేది. ఎవడు వాడు?"

అది ముందు నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

"ఎవరూ లేరు. పీరియడ్ రావట్లేదు, అంతే. నమ్మకపోతే నువ్వే నాతో రా. పక్కనే కూర్చో. డాక్టర్‌నే అడుగు."

"పెళ్ళికాని పిల్లని వెంటేసుకుని ఆ కుర్చీల్లో కూర్చోవడానికి నాకు సిగ్గుంది, నీకు లేకపోయినా. వెళ్ళావంటే మీ నాన్నతో చెప్తాను. ఏమనుకుంటున్నానో అదే చెప్తాను."

ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, వంటింటి గోడలోని చెత్త గొట్టం మూత తీసి పడేశాను. తొమ్మిది అంతస్తులు దిగిపోయింది. మనవరాలు ఏడవలేదు. గురువారం స్కూలుకే వెళ్ళి వచ్చింది. నా మాట నెగ్గిందని ఆ సాయంత్రం దానికిష్టమని గారెలు చేశాను. ఒక్కటీ ముట్టుకోలేదు.

మూడు వారాలకు మధ్యాహ్నం ట్రైన్లో పడిపోయింది. మేము ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఎడమ అండాశయంలో గడ్డ పెరిగి మెలిపడిందట, లోపలంతా నల్లబడిందట, తీసేశారు. గర్భం పరీక్ష కూడా చేశాం, లేదు అంది డాక్టరమ్మ. ఆ పరీక్ష చేసినందుకే కోడలికి కోపం వచ్చింది.

"స్కాన్‌కి డేట్ ఇచ్చారట, ఎందుకు వెళ్ళలేదే?" అంది కోడలు.

"మర్చిపోయా మమ్మీ."

మంచం మీద ఉన్న పిల్లని చెంప మీద కొట్టింది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. మనవరాలు నా వైపే చూస్తూ ఉంది.

ఇంటికొచ్చిన వారానికి ఆసుపత్రి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"చదువు నానమ్మా."

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"నీకు నేర్పింది నేనే కదా. చదువు."

వేలు పెట్టి చదివాను. ఎడమ. అండాశయం. తీసేయడమైనది.

"మళ్ళీ మొదట్నించి."

మూడుసార్లు చదివించింది. మూడోసారికి ఎక్కడా ఆగకుండా చదివాను.

"గుడ్. ఇంక నీకు నేర్పాల్సిందేం లేదు," అని కాగితం మడిచి తీసుకుపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ పాఠానికి కూర్చోలేదు.

తిరిగి నెలసరి వచ్చిన రోజు బాత్రూమ్ నుంచి తిన్నగా వంటింట్లోకి వచ్చింది. "ఇవాళ వచ్చింది. చుక్క పెట్టుకో," అంటూ పెన్సిలు నా ఒళ్ళో పడేసింది. దేవుడి అలమర తలుపులు తీసి, దీపం వెలిగించి, నా వైపు తిరిగి నిలబడింది. నేను పప్పులో రాళ్ళేరుకుంటూ తల వంచుకునే ఉన్నాను.