నేపుల్స్‌లో సుగుణ గారి చెప్పులు పోయిన ఆదివారం

టొరంటో పక్కనున్న వాన్ ఊళ్ళో, మా ఆఫీసు భోజనాల గదిలో నిన్న ఎవరో నారింజ ఒలిచారు. కిటికీ అవతల మంచు, గదంతా ఆ తొక్క వాసన. నాకు నేపుల్స్ గుర్తొచ్చింది, ఆ వెనకే సుగుణ గారు గుర్తొచ్చారు. ఆమె నా మొదటి మేనేజరు. తెనాలి మనిషి, గట్టి గొంతు, ఎక్కడికి వెళ్ళినా బ్యాగులో సున్నుండల డబ్బా ఉండాల్సిందే. పోయిన చలికాలం ఎడ్మంటన్‌లో కూతురి దగ్గర కన్నుమూశారు. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే నాకు ఆ ఒక్క ఆదివారం చాలు.

గోదాముల సాఫ్ట్‌వేర్ పని మీద మేమిద్దరం ఇటలీ వెళ్ళాం. సోమవారం క్లయింటు ముందు నేను మాట్లాడాలి. అంతకుముందు టొరంటో మీటింగులో నాకు గొంతు పెగలక, మధ్యలోనే కూర్చుండిపోయాను. మళ్ళీ అదే జరిగితే ఇక నన్నెవరూ ముందుకు పంపరని తెలుసు. ఆదివారం పొద్దున హోటల్లో కాఫీ తాగుతూ బయటపడ్డాను.

"నాతోని కాదు మేడమ్. రేపు మీరే మాట్లాడండి."

"సాయంత్రం చెప్తాలే. ముందు ఊరు చూద్దాం పద. ఫోన్లో మ్యాప్ తీశావంటే ఊరుకోను," అన్నారు.

సెలవురోజు కనుక దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. నల్లరాళ్ళు పరిచిన సందుల్లో, పైన ఆరేసిన దుప్పట్ల కింద, నారింజలు ఒలుచుకు తింటూ ఊరికే తిరిగాం. ఒకచోట పాత చర్చి కనిపించింది. దేవుడున్న చోటు అనిపిస్తే చాలు, మా కాళ్ళు మమ్మల్ని అడక్కుండానే చెప్పులు విడిచేస్తాయి. మెట్ల మీద విడిచి లోపలికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఆమె కొత్త చెప్పులు లేవు. నా పాత బూట్ల జోలికి దొంగ కూడా రాలేదు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె మాత్రం ప్యాంటు అంచులు మడిచి, ఎండకు వేడెక్కిన రాళ్ళ మీద నవ్వుతూ నడక సాగించారు.

"అందరూ చూస్తున్నరు మేడమ్."

"చూడనీ. చెప్పులు పోయింది నావి, సిగ్గు నీకెందుకు?"

ఇంకో సందులో, రెండో అంతస్తు బాల్కనీలో ఒక ముసలావిడ ఆరిన బట్టలు తీస్తోంది. సుగుణ గారు తలెత్తి, అచ్చ తెలుగులో, "అమ్మా, చెప్పులు పోయినాయి. ఇక్కడ చెప్పుల కొట్టు ఏదన్నా తెరిచుంటుందా?" అని అడిగి, పాదం ఎత్తి చూపించారు. నేను గోడ వైపు తిరిగాను. ముసలావిడ లోపలికి పోయింది. కాసేపటికి తాడు కట్టిన బుట్ట ఒకటి పైనుంచి మెల్లగా దిగింది. అందులో ఇంట్లో తొడుక్కునే నీలం చెప్పులు. సుగుణ గారికి బాగా చిన్నవి, మడమలు బయటికే ఉన్నాయి. అయినా తొడుక్కుని, బుట్టలో సున్నుండల డబ్బా పెట్టి, పైకి చూసి దణ్ణం పెట్టారు. ముసలావిడ ఏదో అంది. ఈమె "అలాగేనమ్మా" అన్నారు. ఏం అర్థమై అన్నారో ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం హోటల్ గుమ్మంలో తేల్చి చెప్పారు.

"రేపు నువ్వే మాట్లాడతావు. ఆగిపోతే ఆగిపో, మళ్ళీ మొదలుపెట్టు. నేను మాత్రం లేవను."

సోమవారం నిజంగానే మధ్యలో ఆగిపోయాను. ఆమె లేవలేదు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారంతే. తాగి, మళ్ళీ మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాను.

ఆమెకు సిగ్గూ భయమూ పుట్టుకతోనే లేవని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆమె ఎడ్మంటన్ వెళ్ళాక ఒకసారి ఫోన్లో ఆ మాటే అంటే పకపకా నవ్వారు.

"భలేదానివే. ఆ రోజు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. సిగ్గుతో చచ్చాననుకో. పక్కన నువ్వున్నావుగా. నేనే బెదిరితే, మర్నాడు నువ్వు నోరు తెరుస్తావా?"

నాకు కళ్ళు చెమర్చాయి. ఆవిడ మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

నలుగురి ముందు లేవాలంటే నాకిప్పటికీ భయమే. కానీ పక్కన కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా బిక్కమొహంతో కూర్చుని ఉంటే, ఏ భయమూ ఎరగనిదానిలా, నవ్వుతూ ముందు నేనే లేస్తాను.