టీచరు గారి ఏటవాలు రేవు

మా ఊళ్ళో ఎవరు పోయినా ఆ కబురు ముందు నా సైకిలు షాపుకే వస్తుంది. గాలి కొట్టించుకునేవాళ్ళు ఆ కాసేపూ ఏదో ఒకటి మాట్లాడాలి గదా. పోయిన నెలలో ఒక పొద్దున్న పాలాయన బండి ఆపి, "వెనక టైరు కాస్త చూడండి, మెత్తగా ఉంది. అన్నట్టు టీచరు గారు పోయేరంటండీ, తెల్లారగట్ట" అన్నాడు. ఏ టీచరు గారని నేను అడగలేదు. ఊళ్ళో రిటైరైన టీచర్లు చాలామందే ఉన్నారు గానీ, ముందూ వెనకా ఏమీ చేర్చకుండా టీచరు గారంటే ఒక్కావిడే. "చాలండీ బాబూ, పేలిపోద్ది!" అని పాలాయన అరిచేదాకా నా చెయ్యి పంపు కొడుతూనే ఉంది.

మాది కొత్తపేటకి దగ్గర ఊరు. కాలవకి ఎగువన మా వీధి, దిగువన చర్చీ, దాని వెనక పేట. ఆవిడది పేట. నాన్న పాలేరు. పేటలోంచి టీచరు ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషి ఆవిడే. ఊళ్ళో ఇవాళ సంతకం పెట్టే చేతుల్లో చాలా వాటిని ఒకప్పుడు ఆవిడే పట్టుకుని దిద్దించారు. నా చెయ్యి మాత్రం కాదు. నేను బడికి వెళ్ళలేదు. ట్యూబులకి చుట్టి వచ్చే పాత కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. అందుకే నా చదువుకి మొదలూ చివరా ఉండవు. కథ మంచి పట్టులో ఉండగా కాగితం చిరిగిపోయి ఉంటుంది. ఈ మాట చెబితే ఆవిడ నవ్వి, "మీదే మంచి చదువండీ అన్నయ్యగారూ, పరీక్షల్లేవు" అన్నారు.

బడి నుంచి ఇంటికి వెళ్తూ సాయంత్రాలు షాపు దగ్గర ఆగేవారు. బల్ల ఖాళీగానే ఉండేది. "కూచోండి టీచరు గారండీ" అంటే గాని కూచునేవారు కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తనంతట తను కూచోలేదు. "రోజూ చెప్పించుకోవాలాండీ?" అని ఒకసారి విసుక్కున్నాను. "చెప్పించుకుంటేనే నిమ్మళంగా ఉంటదండీ" అన్నారు. మనిషి మర్యాదస్తురాలని అప్పుడు మెచ్చుకున్నాను. మర్యాద కాదది, జాగ్రత్త అని తర్వాతెప్పటికో తెలిసింది.

ఆవిడ సర్వీసు ఆఖరి సంవత్సరంలో మా వీధి పిల్ల ఒకతి, నాలుగో తరగతి, కాలవలో కొట్టుకుపోతున్న చెప్పు కోసం వంగి జారిపోయింది. గట్టు మీద అంతమందిమి ఉన్నాం. ఒకళ్ళకీ ఈత రాదు. నేనూ ఉన్నాను. షాపుకి పరిగెత్తి గాలి నింపిన ట్యూబు తెచ్చేసరికి నీళ్ళ మీద ఏమీ కనబడలేదు. మా చిన్నప్పుడు రెండు ఎండు కొబ్బరికాయలు జోడించి కట్టి, నడుం కింద పెట్టి కాలవలోకి తోసేసేవారు. అలా తోసినప్పుడు మునగకుండా బయటపడ్డాను గానీ మళ్ళీ దిగలేదు. అది వేరే కథ. ఇప్పుడు ఇంటింటికీ కొళాయి వచ్చింది. కాలవ నిండా గుర్రపుడెక్క. పొలాలన్నీ రొయ్యల చెరువులు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే, ఈత వచ్చిన పిల్ల ఒక్కతి లేదు.

ఆ సాయంత్రం టీచరు గారు షాపు దగ్గరికి వచ్చి, కూచోమన్నా కూచోలేదు. "ఆ పిల్లకి పదహారో ఎక్కం దాకా నేర్పేనండీ అన్నయ్యగారూ" అన్నారు. మళ్ళీ, "ఎక్కాలండీ" అన్నారు. అంతే, వెళ్ళిపోయారు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఆవిడ పెరట్లో ఈత కొలను కట్టిస్తున్నారని తెలిసి ఊరు నవ్వింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కొడుకూ కోడలూ ఆవిడ దగ్గరే ఉంటారు. ఆ అబ్బాయి తాటిపాకలో గ్యాసు పనుల కాంట్రాక్టర్ల దగ్గర చేస్తాడు. "అత్త మాట తీసెయ్యలేకపోతన్నానండీ, మీరైనా చెప్పండి" అని నన్ను పిలుచుకెళ్ళాడు. చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, బల్ల మీద కూచుని వినడం మొదలుపెట్టాను.

కొలను కట్టడానికి వచ్చిన రాజమండ్రి కాంట్రాక్టరు ఫోనులో బొమ్మలు చూపిస్తున్నాడు. "స్టీలు నిచ్చెనండీ మేడమ్. అందరూ ఇదే వేయించుకుంటన్నారు."

"నిచ్చెన దిగేది నూతిలోకండీ. పిల్లల్ని నూతిలోకి దింపుతామా?"

"పోనీ మూలకి మెట్లు. నాలుగు మెట్లు చాలు, స్థలం కలిసొస్తది."

"మెట్ల దగ్గర ఎవరు ముందు దిగాలని పేచీ వస్తదండీ."

"చిన్నపిల్లలే గదండీ, వాళ్ళకి పేచీలేంటి?"

"పిల్లలకి రాదండీ. మెట్లకి వస్తది" అన్నారావిడ.

అతను తల గోక్కుని ఇంకో బొమ్మ జరిపాడు. ఏదో పెద్ద హోటలుది. మెట్లూ లేవు, నిచ్చెనా లేదు. సముద్రపొడ్డులాగా నేల అలా అలా వాలుతూ నీళ్ళలోకి పోతోంది. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకున్నారు. "ఇదండీ" అన్నారు.

"ఇది బీచ్ ఎంట్రీ అంటారండీ. మీ పెరడు చాలదు. సగం కొలను వాలుకే పోద్ది, ఇంక లోతు మిగలదు."

"లోతు మనకెందుకండీ? లోతు ఊళ్ళో బోలెడుంది."

"జారుడుంటది మేడమ్."

"సిమెంటు పచ్చిమీద చీపురు గీతలు పెట్టించండి. వాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండాలి. ఒక మూలకి కాదు."

కాంట్రాక్టరుకి ఓపిక అయిపోయింది. "గొడ్ల రేవులా ఉంటదండీ!"

"అమ్మయ్య" అన్నారు టీచరు గారు. "ఇప్పుడర్థమైంది మీకు."

అతను వెళ్ళాక నాకు చెప్పారు. ఆవిడ చిన్నతనంలో కాలవకి మూడు రేవులు. పైన మా వీధి వాళ్ళ మెట్ల రేవు. దాని కింద గొడ్లు దిగే వాలు. ఆ కింద, గొడ్లు కలిపిన నీళ్ళలో, పేట వాళ్ళది. నాకు తెలియనివేం కావు. తెలిసినదాన్ని ఎదటి ఒడ్డు నుంచి వినడం మాత్రం అదే మొదలు. "నేను గేదె తోక పట్టుకుని ఈత నేర్చుకున్నానండీ. గేదె ఏ పేట అని అడగదు. వాలులో అడుగు ఎక్కడ పోయిందో తెలియదు. తెలిసేసరికి తేలతా ఉంటాం. మెట్టయితే ప్రతి మెట్టు దగ్గరా భయమే గదండీ" అని నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో సరిగ్గా రాలేదు.

పని ముగించి వెళ్ళేముందు కాంట్రాక్టరు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. ఇక్కడ మూడడుగులు తవ్వితే ఊట. వానాకాలంలో కొలను ఖాళీ చెయ్యకూడదు. లోపలి నీళ్ళ బరువే దాన్ని నేలకి అదిమి ఉంచుతుంది. ఖాళీ చేస్తే కింద నీళ్ళు పైకి తంతాయి.

కొలను నిండాక, పిల్లల్ని ఈతకి పంపమని ఆవిడా నేనూ మా వీధంతా తిరిగాం. ఇక్కడ మా సీమ సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు కాదనే మాట లేదు. దేనికైనా "ఆయ్" అంటాం. ఆయ్ అంటే అలాగేనండీ అని. అప్పివ్వమన్నా ఆయ్, ఇచ్చిన అప్పు తీర్చమన్నా ఆయ్. పై ఊళ్ళవాళ్ళు ఎంత మంచివాళ్ళండీ అని మురిసిపోతారు. ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలే ఇప్పుడు ఆ ఇళ్ళలో తల్లులు. గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చారు. "ఆయ్, పంపుతామండీ టీచరు గారూ! మీరు చెప్పేక కూడానా!" ప్రతి ఇంటా ఇదే మాట. ఆవిడ మొహం చూసి నాకు భయం వేసింది. అంత సంతోషం ఆ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

పేట పిల్లలు మొదటిరోజే వచ్చారు. కోడలి పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి, మోకాళ్ళ నొప్పుల మనిషి ఆ వాలులో నడుం లోతు నీళ్ళలో నిలబడేవారు. పిల్లల పొట్ట కింద చెయ్యి పెట్టి నడిపించేవారు. చెయ్యి ఎప్పుడు తీసేశారో ఎవరికీ చెప్పేవారు కాదు. ఆ వేసవిలో పేటలో ఈత రాని పిల్ల లేదు.

మా వీధికి మాత్రం జలుబు చేసింది. ఒకళ్ళకి కాదు, వీధంతటికీ. జలుబు తగ్గితే చెవిపోటు, చెవిపోటు తగ్గితే ట్యూషను. మా ఇంట్లో ఆ వయసు పిల్లలు లేరు. ఉంటే ఏం చేసేవాళ్ళమో చెప్పలేను. ఆవిడ వాళ్ళ మాటలన్నీ నమ్మారు. నమ్మి, పేట మీదుగా రావడానికి మొహమాట పడుతున్నారేమోనని మా వీధి వైపు గోడ కొట్టించి గేటు పెట్టించారు. సాయంత్రం నాలుగింటికల్లా ఆ గేటు తీసి ఉండేది. గేటు ముందు నుంచి మా వీధి పిల్లలు ట్యూషనుకి పోతూ, మెడలు సాచి చూస్తూ పోయేవారు.

రెండో వేసవిలో, ఆవిడకి బాగా ఇష్టమైన శిష్యురాలు ఒకావిడ వచ్చి చాలా మర్యాదగా అడిగింది. "నీళ్ళు మార్చిన రోజు పొద్దున్నే మా పిల్లలకి టైము పెట్టండి టీచరు గారూ. వాళ్ళు దిగి వచ్చేక మిగతావాళ్ళు. అలాగైతే అందరూ పంపుతామంటన్నారు."

టీచరు గారు తిన్నగా షాపుకి వచ్చారు. కూచోమన్నాను, కూచున్నారు. నా పంక్చరు పని చూస్తూ అడిగారు.

"ఒప్పుకుంటే పిల్లలకి ఈతొస్తది గదండీ అన్నయ్యగారూ?"

"వస్తదండీ."

"చచ్చిపోయిన పిల్లకి చెల్లెలుంది. అది కూడా వస్తదంట."

నేను ట్యూబు నీళ్ళలో ముంచి బుడగల కోసం చూశాను.

"మెట్లు వద్దని గదండీ వాలు కట్టించేను" అన్నారు. "ఇప్పుడా వాల్లోనే మెట్లు కట్టమంటన్నారు." మళ్ళీ, "అయినా పిల్ల గదండీ" అన్నారు. అటూ ఇటూ ఆవిడ అలా కొట్టుకోవడం చూసి, ఏదో ఒకటి చెప్పెయ్యాలనిపించింది. అతుకు మీద సుత్తితో కొడుతూ ఉండిపోయాను. 

టీచరు గారు ఒప్పుకోలేదు. "సాయంత్రమే పంపండమ్మా, అందరితోటీ" అన్నారట. ఆ శిష్యురాలు, "ఆయ్, అలాగేనండీ" అందిట.

ఎవరూ రాలేదు. ఆ తర్వాత వేసవికి పేట పిల్లలూ పలచబడ్డారు. ఈత వచ్చేసింది, ఇంక పనేముంది? నిలవున్న నీటికి దోమలు చేరతాయని, జ్వరాలు వస్తున్నాయని, కొలను ఖాళీ చేయించమని మా వీధి పెద్దలు నలుగురు ఆవిడ గుమ్మానికి వెళ్ళారు. వాన మొదలయ్యే రోజులు. కాంట్రాక్టరు మాట నేను గుర్తుచేశాను.

"తెలుసండీ" అన్నారు. "ఇన్నేళ్ళకి మీ వీధి నా గుమ్మంలోకి వచ్చి నన్నొకటి అడిగిందండీ. కాదంటే బాగోదు."

మోటారు పెట్టి నీళ్ళు తోడించేశారు. శ్రావణంలో గోదావరి పొంగి ఊటలు పైకొచ్చాయి. ఒక పొద్దున్న చూసేసరికి అడుగు ఉబ్బి, వాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా పగిలి ఉంది. ఆ పగుల్లోంచి ఊటనీరు సన్నగా, చాలా తేటగా పైకి వస్తోంది. "రమ్మన్నవాళ్ళు రాలేదు గానీండీ, పిలవకుండా గోదారొచ్చింది" అన్నారావిడ. నవ్వుతూనే అన్నారు. ఆ తర్వాత పెరటి తలుపు తియ్యలేదు. షాపుకి రావడం తగ్గింది. వచ్చినా, చెప్పించుకోకుండానే కూచునేవారు. అది చూసి నేను సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. గుండె జబ్బని డాక్టర్లన్నారు. డాక్టర్లు ఏదో ఒకటి అనాలి గదా.

సమాధి కార్యక్రమానికి ఊరంతా వచ్చింది. మా వీధి మొత్తం వచ్చింది, జలుబు లేకుండా. మైకు దగ్గర నిలబడి ఒకాయన, "ఊరి పిల్లలందరికీ ఈత నేర్పిన మహాతల్లి" అన్నాడు. జనం తలలూపారు. నేనూ అక్కడే ఉన్నాను. లేచి కాదనడానికి మా సీమలో ఆ మాట లేదని ముందే చెప్పాను గదా.

పోయిన వారం ఆవిడ తమ్ముడి కొడుకు నా దగ్గరకొచ్చాడు. "పూడ్పించేస్తన్నానండీ బాబాయిగారూ. అత్త లేదు, పగిలిన గొయ్యి, ఎవరి పిల్లలైనా పడితే మాటొస్తది." మెరక చెయ్యడానికి వాడే బొండు ఇసక ఒక ట్రాక్టరు తెప్పించాడు. దాన్ని ఆ గొయ్యిలోకి కుమ్మరించి డ్రైవరు రెండో లోడుకి వెళ్ళాడు.

ట్రాక్టరు వీధి దాటిందో లేదో, పిల్లలు వచ్చేశారు. పేట నుంచి, మా వీధి నుంచి, ఎటు దగ్గరైతే అటు నుంచి. ఇసక కుప్ప మీంచి అందరూ కలిసి కిందికి దొర్లుతున్నారు. ఒకళ్ళ కాళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. కేకలు నా షాపు దాకా వినిపిస్తే వెళ్ళి చూశాను. మా వీధి తల్లులు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఆ శిష్యురాలూ ఉంది. ఎవరూ పిల్లల్ని వెనక్కి పిలవలేదు. "తలలో ఇసక పోసుకోకే!" అని ఒకావిడ నవ్వుతూ కేకేసింది, అంతే. ఇసకైతే ఎవరికీ అభ్యంతరం లేదు.

చచ్చిపోయిన పిల్ల చెల్లెలు మిగతావాళ్ళకి కాస్త ఎడంగా ఇసకలో బోర్లా పడుకుని ఉంది. గేటులోంచి చూసి నేర్చుకున్నట్టుంది. తల ఒక పక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని, ఒక చెయ్యి ముందుకి సాచి ఇసకని వెనక్కి తోస్తోంది. తర్వాత రెండో చెయ్యి. ఎక్కడికీ కదలడం లేదు. రెండో లోడు ట్రాక్టరు వచ్చి హారను కొట్టేదాకా అలా తోస్తూనే ఉంది.