ఒళ్లో మిషన్ పెట్టుకుని పరీక్షకు పోయిన మార్తమ్మ టీచర్

మొన్న శుక్రవారం జూలూరుపాడు నుంచి ఫోన్ వచ్చింది. మా టైపు ఇన్‌స్టిట్యూట్ మార్తమ్మ టీచర్ ఇక లేరన్నారు. "ఏ మార్తమ్మ?" అని అడిగాను, నా నోరు పడిపోను! నాకు విద్యాభిక్ష పెట్టిన మాతృమూర్తి అస్తమించారన్న మాట లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది.

భర్త పోయిన ఏడాదే కిరాయి గదిలో మూడు పాత టైపు మిషన్లతో ఆమె ఆ విద్యాయజ్ఞం ఆరంభించారు. ఆడపిల్లకు ఈ టకటక ఎందుకన్న ఇళ్లకు తానే నడిచి వెళ్లేవారు. "వారం రోజులు పంపు అక్కా. నచ్చకపోతే మల్ల నేనే తోల్కొచ్చి దింపుత" అనేవారు. అలా దింపిన పిల్ల ఒక్కతీ నాకు తెలియదు.

వానాకాలం వాగు పొంగితే అడవి అంచు ఊళ్ల పిల్లలు రాలేకపోయేవారు. సాధన ఆగుతుందని ఆమె బెంగ. చెక్కల మీద కూల్‌డ్రింక్ మూతలను మిషన్ మీటల వరుసలోనే మేకులతో బిగించి, పిల్లకొక పలక ఇచ్చి పంపారు. మూతల మీద అక్షరాలు లేవేమని అడిగాను.

"రాస్తే కండ్లు నేర్చుకుంటయ్ బిడ్డా. నేర్వాల్సింది వేళ్లు" అన్నారు.

అప్పుడైనా ఇప్పుడైనా టైపు పరీక్షకు మిషన్లను ఖమ్మం మనమే మోసుకుపోవాలి. ఆ రోజుల్లో గోనెసంచుల్లో చుట్టి బస్సు టాపు మీద వేసేవాళ్లం. నా పరీక్షనాడు దిగి చూస్తే, కుదుపులకు ఒక అక్షరం పుల్ల విరిగి ఉంది. మగపిల్లాణ్నయినా గొల్లున ఏడ్చాను. ఆమె మిషన్‌ను చంకనేసుకుని రిపేరు దుకాణానికి పరుగెత్తారు. చెప్పు తెగి వట్టికాళ్లతో తిరిగొచ్చేసరికి గంట కొట్టబోతున్నారు. నేను గట్టెక్కాను. ఆనాటి నుంచి ఆమె ఏ మిషన్నూ టాపు ఎక్కనివ్వలేదు. పిల్లల ఒళ్లో ఒక్కొక్కటి, తన ఒళ్లో ఒకటి. కండక్టర్ లగేజీ పైన వెయ్యమని కసిరితే, "గిది లగేజీ కాదన్నా, పిల్లల బతుకుదెరువు" అనేవారు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఖమ్మంలో ఆ పాఠాలు చెప్పే ఉద్యోగం దొరగ్గానే నాకు కళ్లు నెత్తికెక్కాయి. "ఈ మిషన్లకు రోజులు చెల్లాయి టీచర్, మూసేయండి" అన్నాను, ఆమె గదిలోనే నిలబడి! ఆమె ముఖం చిన్నబోయింది. నెల తిరక్కుండా, యాభై దాటిన ఆ తల్లి నా క్లాసులో ముందు బెంచీ మీద కనిపించారు.

"ఇగ నువ్వు సారువి. తప్పు చేస్తే కొట్టు" అని నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

జూలూరుపాడులో టైపు మిషన్ల పక్కనే ఒక కంప్యూటర్ పెట్టారు. కరెంటు పోతే ఆమె పిల్లలు మూతల పలకలు ఒళ్లోకి తీసుకునేవారు. కరెంటు పోతే మా ఖమ్మం సెంటర్లో మేం చాయ్‌కి పోయేవాళ్లం.

మొన్న టీచర్‌కు మట్టి వేసి వస్తుంటే, ఆమె దగ్గర నేర్చుకునే ఒక పిల్ల నా వెంట నడిచింది. "వచ్చే నెల టైపు పరీక్ష ఉంది సార్. మమ్ముల ఎవరు తోల్కపోతరు?" అంది. మూసేయమన్న నోటితోనే, నేను తీసుకుపోతానన్నాను.

టీచర్, మీ లోటు తీర్చేవారు ఈ సీమలో లేరు. నేనైతే అసలే కాను. ఆనాడు అనకూడని మాట అన్నాను, క్షమించండి. వచ్చే నెల మీ మిషన్ మాత్రం టాపు ఎక్కదు. ఖమ్మం దాకా నా ఒళ్లోనే ఉంటుంది.