ఇంజను పట్టేసిన రోజు

ఫ్రెంచివాళ్ల ఏలుబడి రోజుల్లో, ఉప్పళం పేటలో నేను కార్ల రిపేరు షెడ్డు పెట్టిన మూడో ఏడు. వానలు వెలిసిన ఒక ఉదయం మా మామ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు. తెల్లవాళ్ల వీధుల్లో ఉండే ఒక ముసలి నోటరీ దగ్గర పదిహేనేళ్లుగా కారు డ్రైవరు. ఆ దొరను మేమంతా ముస్యే అనే పిలిచేవాళ్లం. నాన్న పోయాక నన్ను వెంట తిప్పుకుని ఈ పని నేర్పించింది మామే.

"బండి కదల్లేదురా. స్టార్టరు తొక్కితే టక్కుమంటాది, అంతే. నిన్న బాగానే వచ్చె. ముస్యేని రిక్షాలో పంపించినా" అన్నాడు.

సామాను సర్దుకుని వెళ్లాను. బ్యాటరీయే అయ్యుంటుందన్నాడు మామ. నేనూ అదే అనుకున్నాను. మొనల మీద పేరుకున్న తెల్లటి చిలుమును వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించాను. దీపాలు వేసి స్టార్టరు తొక్కమన్నాను. తొక్కగానే దీపాలు మసకబారి, వదలగానే మళ్లీ వెలిగాయి. కరెంటు అందుతోంది. మోటారు తిప్పాలని చూస్తోంది, తిప్పలేకపోతోంది.

స్టార్టరు పళ్లు ఇరుక్కున్నాయేమోనని గేరులో వేసి ఇద్దరం కారును ముందుకూ వెనక్కూ ఊపాం. లాభం లేకపోయింది. స్టార్టరునే ఊడదీసి పక్కన పెట్టి, ముందునుంచి హ్యాండిల్ దూర్చి బలమంతా పెట్టాను. గోడను నెట్టినట్టుంది. లోపల వాననీళ్లు చేరాయేమోనని ప్లగ్గులు తీసి చూశాను. పొడిగా ఉన్నాయి.

ఇక మిగిలింది ఒకటే. నూనె చూసే కడ్డీ బయటికి లాగాను. గీత దాకా కాదు కదా, కొసన కూడా తడి సరిగా లేదు. కింద పళ్లెం పెట్టి మర విప్పితే గ్లాసెడు నల్లటి జిడ్డు కారింది. అందులో వెండిలా మెరిసే రజను. నూనె లేక బేరింగులు అరిగి, కరిగి, బండి చల్లారాక ఇంజను పట్టేసింది.

"మామా, నూనె చూడలేదా?"

"రోజూ చూస్తా గదరా."

కడ్డీ ఆయన చేతికిచ్చి, ఇప్పుడెంతుందో చెప్పమన్నాను. దాన్ని వెలుతురుకు తిప్పాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. చివరికి బొటనవేలితో కొసను రాసి చూశాడు.

"జిడ్డు తగలతా ఉందే" అన్నాడు.

"ఎన్నాళ్లనించి మామా?" అన్నాను.

కడ్డీని గుడ్డతో తుడిచి నా చేతికిచ్చాడు.

"రెండేళ్లు. నడిమధ్యన మబ్బు మాదిరి. పక్కలు తెలస్తాయి. ఈ ఊరి వీధులు నాకు కండ్లు మూసుకున్నా తెలుసు గదా. ముస్యేకి చెప్పబాకరా. ఈ పని పోతే నేను యాడికి పోయేది?"

నూనె గొట్టం పగిలిందని ముస్యేకు చెప్పాను. పాత బండి కాబట్టి ఆయన నమ్మాడు. ఇంజను విప్పి, బేరింగులకు కొత్త లోహం పోయించి, మళ్లీ అమర్చేసరికి నెల దాటింది. ఆ నెలంతా మామ నా పక్కనే కూర్చుని సామాను కిరసనాయిల్లో కడిగాడు. రోజూ ఆయనతో మాట్లాడాలనుకునేవాణ్ణి. ఒక్కసారి అన్నాను.

"ఊళ్లోనే నడుపు మామా. ఊరు దాటబాక."

"దాటనులే" అన్నాడు.

ఆ మాటతో నా మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఎటు పోవాలో చెప్పేది వెనక సీట్లో మనిషేనని నాకు తెలియనిది కాదు.

బండి తిరిగిచ్చిన పక్షం రోజులకు ముస్యే ఊరవతల ఉన్న విల్లియనూరు పోవాలన్నాడు. సాయంత్రం, పడమటి ప్రయాణం, ఎదురెండ. రోడ్డు పక్కగా ఒక కుమ్మరి కుండల బండి లాక్కుంటూ పోతున్నాడు. అతని భార్య వెనకనుంచి నెడుతోంది. మామ బ్రేకు తొక్కనేలేదు. ఆమె అక్కడికక్కడే పోయింది.

విచారణకు నన్నూ పిలిచారు. బ్రేకులు సరిగా ఉన్నాయా అని జడ్జి మాటను దుబాసీ తెలుగులో అడిగాడు. ఉన్నాయన్నాను. అంతకుముందు రిపేరు దేనికని అడిగాడు. నూనె గొట్టం పగిలిందన్నాను, రెండోసారి. అప్పుడు మామ లేచాడు.

"గొట్టం దానంతటది పగల్లేదు సామీ. నేనే విరిచిపెట్టి వీణ్ణి నమ్మించినా. నాకు కండ్లు తెలీలా. నూనె అయిపోయింది చూడలేకపోతి. వీనికేం తెలీదు."

దుబాసీ దాన్ని ఫ్రెంచిలో చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. మామ విరిచిన గొట్టమేదీ లేదని ఆ గదిలో తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను నోరు తెరవలేదు.

మామకు జైలుశిక్ష పడింది. చూడటానికి వెళితే, నేను మాట్లాడేదాకా నన్ను గుర్తుపట్టలేదు.

"ఆయమ్మకు బిడ్డలుండారేమో కనుక్కోరా" అని మాత్రం అడిగాడు.

విల్లియనూరు వెళ్లాను. కుమ్మరి సారె దగ్గర ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు మట్టి తొక్కుతున్నారు. ఏం కావాలని అడిగాడు. ఆ కారు బాగుచేసింది నేనేనన్నాను. అతను సారె ఆపి నా వంక చూశాడు.

"బాగానే చేశావు. అంత వేగంగా వచ్చింది" అన్నాడు తమిళంలో.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నట్టయితే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణేమో. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇద్దరు ఆడపిల్లలని మామకు చెప్పాను. "మనిద్దరం కలిసి వాళ్లకు అమ్మ లేకుండా చేస్తిమిరా" అన్నాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు వెళ్లినా ఆయన నాతో మాట్లాడలేదు.