హాగరు ఉన్న మేడగది

నరసాపురం నుంచి వచ్చిన బ్యూలా మస్కట్‌లో నర్సుగా చేసి రిటైరైంది. ఇంటికి బయలుదేరేలోపే పాత మస్కట్‌లోని ఒక వర్తక కుటుంబం కబురు పెట్టింది. పక్షవాతంతో ఎడమకాలు చచ్చుబడిన పెద్దావిడ సఫూరాను చూసుకోవాలి. తాతల నాటి మహల్‌లో, కింది గదిలో, బ్యూలా ఆమె పక్కనే మకాం పెట్టింది.

నడక అంటేనే సఫూరా మొహం తిప్పుకునేది. "ఈ వయసులో నడిచి ఎక్కడికెళ్ళాలి?" అనేది హిందీలో.

"ఈ ఇంట్లో మీకు ఇష్టమైన చోటేదమ్మా?" అని ఒకరోజు బ్యూలా అడిగింది.

సఫూరా కప్పు వైపు చూపించింది. మేడమీద అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో, ఆమె తాత ఇటలీ నుంచి ఓడలో తెప్పించిన నాలుగొందల ఏళ్ళనాటి బరోక్ శైలి చిత్రం ఉంది. గోడంత పెద్దది, మెట్ల మలుపులో దిగదు. జబ్బు చేశాక ఆమె దాన్ని చూడలేదు.

"అయితే మనమే పైకి వెళ్దాం."

కొడుకు ఎహసాన్, కుర్చీలో కూర్చోబెట్టి మోయిస్తానన్నాడు.

"నేనేమైనా సామానా? నా కాళ్ళతోనే వెళ్తాను," అంది సఫూరా.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన డ్రైవర్ భీమన్నకు భయం పట్టుకుంది. "అక్కా, గా మెట్లు సూసినవా? ముసలమ్మ పడ్డదనుకో, మన నౌకర్లు పోతయ్."

"నేను పడనివ్వను గానీ, నువ్వు ఎనకాల నిలబడు, చాలు."

రోజూ పొద్దున్నే సాధన మొదలైంది. ఒకసారి మలుపు దగ్గర మోకాలు మడతపడి సఫూరా కూలబడింది. ఆమె బరువంతా ఒళ్ళో పడినా బ్యూలా పట్టు వదల్లేదు. ఎహసాన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇక చాలు సిస్టర్!"

"ఆపమని నేనన్నానా?" అని తల్లి గద్దించింది. వారం తిరిగేసరికి మళ్ళీ అదే మెట్టు మీద నిలబడింది.

చలి మొదలైన నెలలో ఇద్దరూ పైకి చేరారు. భీమన్న చిత్రం మీది తెర లాగాడు.

చిత్రమంతా చీకటి. ఒక మూల నుంచి పడిన వెలుగులో ఇసుక మీద మోకరిల్లిన తల్లి, పక్కన ఖాళీ తోలుతిత్తి, పొద కింద వాడిపోయిన పిల్లవాడు. దేవదూత చెయ్యి చాచి ఊటను చూపిస్తున్నాడు. ఆమె ఇంకా అటు తిరగలేదు.

"హాజర్," అంది సఫూరా.

"హాగరు! బిడ్డతో ఎడారి పాలైన ఈ తల్లి మా బైబిల్లోనూ ఉందమ్మా," అంది బ్యూలా. భర్త పోయాక కొడుకు కాలేబును చంకనేసుకుని డ్యూటీలకు తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. బొమ్మలోని తల్లి పాదాలకంటిన దుమ్ము కేసే చాలాసేపు చూసింది.

"చిన్నప్పుడు, అటు చూడు, నీళ్ళున్నాయ్ అని ఈమెకు అరిచి చెప్పేదాన్ని," అంటూ సఫూరా నవ్వింది. కుర్చీ తెస్తే వద్దంది. బ్యూలా భుజం పట్టుకుని నిలబడే చూసింది.

ఆ వారమే ఎహసాన్ మెట్లకు రెండువైపులా పట్టుకునే కమ్మీలు వేయించాడు. బ్యూలా ఊరికి వెళ్ళే టికెట్ వాయిదా వేసుకుంది. ఇప్పుడు సఫూరా ప్రతి శుక్రవారం మజ్లిస్‌లోనే టీ తాగుతుంది.