మైకు పిన్ని ఫైల్లో పిల్లికూత

ఆ ఫోన్లు పక్కన పడేసి ఇటు తిరగండి. ఎవరింటి పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో మీకు కావాలి. ఏ కోడలు ఏ అత్తతో మాట్లాడటం మానేసిందో కావాలి. మైకు పిన్ని గురించి మాత్రం ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోయారా? ఆవిడ చదివిన పాఠాలు చెవుల్లో పెట్టుకునే కదా మీలో సగంమంది పరీక్షలు గట్టెక్కారు! గొంతు కావాలి గానీ, అది ఏ మనిషి గొంతో అక్కర్లేదు. మీరు అడగరని తెలిసే చెబుతున్నాను.

మైకు పిన్ని బస్టాండులో ఇరవై రెండేళ్ళు అనౌన్సరుగా చేసింది. మనిషి జానెడు, గొంతు బారెడు. "దయచేసి వినండి" అని ఆవిడ అంటే, చంకలో ఏడుస్తున్న పసివాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు. ఒకరోజు ఆ అద్దాలగదిలోకి ఒక పెట్టె వచ్చింది. ఊళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటిగా ఆవిడ చేతనే ఆ పెట్టెలోకి చెప్పించుకున్నారు. చెప్పడం అయ్యాక, ఇక పెట్టె చూసుకుంటుంది, మీరు వెళ్ళిరండమ్మా అన్నారు. అలా తన గొంతే తన పొట్ట కొట్టింది.

ఇంట్లో కూర్చుంటే ఆవిడకి పిచ్చెక్కినట్టయింది. గిన్నెలు తోముతూ "దయచేసి వినండి" అనేసి, తనే ఉలిక్కిపడేది. తిండికి లోటు లేదు. మొగుడు దర్జీ, ముందుగదే దుకాణం. లోటల్లా వినేవాళ్ళకే. ముప్పై ఏళ్ళు గుడ్డల నూగు పీల్చి ఆ దర్జీకి ఉబ్బసం పట్టుకుంది. ఊపిరి తీస్తే పిల్లికూతలు. ఆ ఇంట్లో అది గోడ గడియారం చప్పుడులాంటిది, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

బడి పాఠాలు చదివి వినిపించడానికి ఒక స్టూడియోవాళ్ళకి గొంతులు కావాలని జిరాక్స్ షాపావిడ చెప్పింది. పిన్ని పొంగిపోయి, ఫోన్లో ఒక పాఠం చదివి రికార్డు చేసుకుని షాపుకి పరిగెత్తింది.

"పిన్నీ, నువ్వు తెచ్చింది ఎంపీత్రీ. వాళ్ళు వేవ్ ఫైలు అడిగారు."

"రెండిటికీ తేడా ఏంటే?"

"దుప్పటిని కుక్కి కుక్కి చేతిసంచిలో పెడితే ఎంపీత్రీ. మంచం నిండా పరిస్తే వేవ్."

"అయితే పరిచెయ్యి, ఆలస్యం దేనికి?"

జిరాక్స్ ఆవిడ ఏదో నొక్కింది. ఫైలు పదింతలైంది, పేరు చివర తోక కూడా మారింది. దాన్నే స్టూడియోకి పంపేసింది.

"ఇలాంటి మీట మనుషులకీ ఉంటే నేనూ కాస్త ఒళ్ళు చేసేదాన్ని" అని పిన్ని నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు స్టూడియోలో సౌండు చూసే ఆయన ఫోను చేశాడు. "అమ్మా, గొంతు బంగారం. కానీ ఇది వేవ్ కాదు."

"పేరు చివర ఉందిగా బాబూ!"

"పేరులో ఉందమ్మా, లోపల లేదు. ఎంపీత్రీకి వేవ్ చొక్కా తొడిగారు. సన్నటి శబ్దాలు ముందే తెగిపోయాయి, ఇప్పుడు ఎంత పరిచినా అవి తిరిగిరావు. రికార్డు నొక్కకముందే ఫోన్లో వేవ్ పెట్టుకుని, మళ్ళీ చదివి పంపండి."

దొంగతనం చేసి దొరికినట్టు పిన్ని చెవులు కాలిపోయాయి. ఆ మాటలు విన్న దర్జీ మిషను ఆపి కిసుక్కున నవ్వాడు. నవ్వుతో పాటు పిల్లికూతా వచ్చింది.

"కత్తిరించిన ముక్కల్ని చుట్టబెట్టి గుడ్డతాను అంటే అవుతుందిటే?"

"మీకు నవ్వులాటగా ఉంది!"

"కాదే, కత్తెర పెట్టకముందే ఆలోచించాలంటున్నా. రా, ఈసారి నేను పట్టుకుంటా."

దుకాణంలో వేలాడే బట్టల మధ్య నిలబడితే గొంతు గోడలకి తగిలి వెనక్కి రాదు. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే ప, బ అన్నప్పుడల్లా గాలి కొట్టి టపటపమంటుంది. దర్జీ కొలత తీసుకునేవాడిలా చెయ్యి చాపి, పాఠం అయ్యేదాకా కదపకుండా ఫోను పట్టుకున్నాడు. చెయ్యి లాగుతున్నా దించలేదు. ఈసారి నిఖార్సయిన వేవ్ వెళ్ళింది. పిన్నిని రమ్మని కబురొస్తే, దర్జీ కూడా తోడు బయల్దేరాడు.

స్టూడియోలో గోడల నిండా స్పాంజి. స్టూడియో నడిపే మేడమ్ ఉంది, సౌండాయన ఉన్నాడు, తమ వంతు కోసం వచ్చిన ముగ్గురు అమ్మాయిలున్నారు. దర్జీ తను కుట్టుకున్న కొత్త చొక్కా వేసుకుని, తలుపు పక్కన స్టూలు మీద ఒద్దికగా కూర్చున్నాడు. సౌండాయన మీట నొక్కాడు. నిలువెత్తు స్పీకర్లలోంచి పిన్ని గొంతు గదంతా నిండింది. మేడమ్ కళ్ళు మూసుకుని విన్నది. పిన్నికి మళ్ళీ బస్టాండులో మైకు ముందు కూర్చున్నట్టే ఉంది.

వాక్యం ఆగింది. ఆ ఆగినచోట, సన్నగా, "కీ..."

సౌండాయన శబ్దం పెంచాడు. ఇంకో వాక్యం చివర మళ్ళీ "కీ..." అంది. కుక్కిన ఎంపీత్రీలో వినపడనిదంతా ఇందులో ఈకకి ఈక వినపడుతోంది.

"ఏంటది? వెనకాల పిల్లి గానీ ఉందా?" అంది మేడమ్.

అమ్మాయిలు ముగ్గురూ ఫక్కున నవ్వారు. పిన్ని తలుపువైపు చూసింది. దర్జీ అక్కడ కూడా వినపడకూడదని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది. అది చూసి కూడా పిన్ని నోరు ఆగలేదు.

"వీధిపిల్లండీ. ఎప్పుడూ మా గడపలోనే పడుంటుంది. తరిమేసి మళ్ళీ చదువుతాను."

తిరుగు బస్సులో దర్జీ కిటికీ పక్కన కూర్చున్నాడు. రెండు స్టాపులు దాటాక బయటికి చూస్తూ, "అయితే ఆ పిల్లికి ఈ పూట పాలు పోస్తారా, పస్తేనా?" అన్నాడు. పిన్నికి నవ్వు రాలేదు. చెంప పగలగొట్టినా అంత మంట పుట్టేది కాదు. తప్పయిపోయిందండీ అనాలనుకుంది. బస్సంతా జనం. ఇంటికెళ్ళాక అందామనుకుంది. ఇంటికెళ్ళాక పొయ్యి వెలిగించింది.

మర్నాడు పిన్ని ఫోనుని మడతపెట్టిన గుడ్డల దొంతి మీద నిలబెడుతుంటే, దర్జీ చెప్పకుండానే స్టూలు చంకన పెట్టుకున్నాడు.

"ఎక్కడికండీ ఎండలో?"

"పిల్లిని తరిమేస్తానన్నావుగా, ఎక్కడికో అక్కడికి."

వీధికి అవతల కరెంటు స్తంభం పక్కన కూర్చుని, ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని హుక్కులు కుట్టుకున్నాడు. వేలాడే బట్టల సందులోంచి ఆయన భుజాలు లేచి పడటం పిన్నికి కనిపిస్తూనే ఉంది. అయిదుసార్లు తప్పు చదివింది. ఆరోసారి కుదిరింది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఆ ఫైలుతోనే పని దొరికింది.

ఎనిమిదేళ్ళు అదే వరస. పిన్ని పుస్తకం తీస్తే ఆయన స్టూలు తీసేవాడు. వానొస్తే గొడుగు కింద కూర్చునేవాడు. మైకు పిన్ని మొగుణ్ణి గెంటేసి గొంతు చించుకుంటుందని వీధంతా అనుకున్నారు, మన ఇంట్లోవాళ్ళతో సహా. ఎవరైనా మొహాన్నే అడిగితే, "గాలి కోసం కూర్చున్నానండీ, లోపల ఉక్క" అనేవాడు. ఆ మాట లోపల పిన్నికి వినపడేది.

ఆ ఎనిమిదో ఏట దర్జీకి ఊపిరి మరీ కష్టమైంది, వారం నుంచి మంచం దిగలేదు. పాఠం ఇవ్వడానికి పిన్ని స్టూడియోకి వెళితే, సౌండాయన ఎప్పటిలాగే ఎగతాళికి, "అమ్మా, మీ పిల్లి బాగుందా?" అన్నాడు.

ఎప్పుడూ నవ్వి ఊరుకునే మనిషి ఆరోజు నవ్వలేదు. "పిల్లి కాదు బాబూ. మా ఆయన. ఉబ్బసం."

సౌండాయన చేతిలో కాగితం బల్లమీద పెట్టేశాడు. "ఆరోజు స్టూలు మీద కూర్చున్నాయనా? అయ్యో, చెప్పొద్దూ! ఇక్కడికే వచ్చి చదువుకోమనేవాణ్ణిగా. మధ్యాహ్నాలు ఈ గది ఖాళీయే."

"ఆ అమ్మాయిలు నవ్వారు బాబూ" అంది పిన్ని. అంతకన్నా గట్టి కారణం వెతికినా దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి దర్జీ దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమన్నారే?"

తప్పయిపోయిందనీ, నిజం చెప్పేశాననీ దారంతా నేర్చుకున్న మాట నాలుక చివరే ఉంది. ఆయన అంత కష్టపడి ఊపిరి తీస్తుంటే, దాని మీద తన మాట పెట్టడానికి సిగ్గేసింది.

"ఏమంటారు? ఫైలు బాగుందన్నారు."

"వేవేనా?"

"వేవే."

ఆయన తలూపాడు. ఆ నెలలోనే పోయాడు. అబద్ధం మొగుడి ఎదుట చెప్పింది, నిజం ఆయన లేనిచోట చెప్పింది. చెప్పానన్న సంగతి కూడా ఆయనకి చెప్పలేకపోయింది.

తర్వాత కూడా పిన్ని చదివింది, చాలా పుస్తకాలే చదివింది. ఇంట్లో ఇక ఏ చప్పుడూ లేకపోయినా, ఆయన్ని వీధిలో కూర్చోబెట్టి చదివిన ఆ గదిలో మళ్ళీ చదవలేక, పాఠాలన్నీ స్టూడియోకి వెళ్ళే చదివింది. చనిపోయేనాటికి ఆవిడకి డెబ్భై ఒక్కేళ్ళు.