కజ్జికాయల అచ్చుతో సీసపు ముద్ర

దేశం దాటొచ్చి మేం ఉంటున్న క్రెయిగీబర్న్‌లో మా పక్కింటి ఆంటీ ఆర్మేనియన్. వాళ్ల నానమ్మది వాన్ సరస్సు ఒడ్డు. ఆ సంగతి తెలిశాక లైబ్రరీలో ఆ ప్రాంతం గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. కాలేజీ మెట్లెక్కని నాకు ఆనాటి అధికారుల గ్రీకు హోదాల పేర్లకు కూడా నోరు తిరిగిందని లోపల గర్వమే. అందుకే శనివారం పాఠకుల సభలో మాట్లాడమని లైబ్రరీ వాళ్లు అడిగితే వెంటనే సరేనన్నాను. ఆంటీ కూడా వస్తానన్నారు. అప్పుడు పట్టుకుంది గుబులు. వాళ్ల ఊరి చరిత్ర వాళ్లకే చెబుతూ తప్పు చెబితే?

వెయ్యేళ్ల కిందట వాన్ చుట్టూ ఉన్న రాజ్యాన్ని అక్కడి రాజు, గ్రీకులో పాలన సాగించే బైజాంటైన్ చక్రవర్తికి అప్పగించాక, ఆ సరిహద్దును ఏలడానికి అధికారులు వచ్చారు. వాళ్ల ఉత్తరాలు దాదాపు అన్నీ పోయాయి. వాటికి కట్టిన సీసపు బిళ్లలే మిగిలాయి. ఒకవైపు దేవుడిదో, పునీతులదో బొమ్మ, రెండోవైపు అధికారి పేరు, హోదా. పట్టకారులాంటి ఇనప పరికరంతో రెండువైపులా ఒకేసారి నొక్కేవారట. దాని బొమ్మ చూడగానే నాకు కజ్జికాయల అచ్చు గుర్తొచ్చింది.

శనివారం పొద్దున చపాతీ పిండి కలుపుతుంటే మావారు తొంగిచూశారు.

“టాక్‌కి వెళ్తున్నావా, క్యాటరింగ్‌కా?”

సభలో పిండిముద్దను అచ్చులో పెట్టి గట్టిగా నొక్కి తీశాను.

“ఇదిగో, ఉత్తరానికి సీల్ పడింది!”

ముందు వరసలోంచి ఆంటీ వంగి చూశారు. “మరి తాడేదీ, డార్లింగ్? నీ ఉత్తరం తెరిచే ఉందిగా!”

అందరూ గొల్లున నవ్వారు. బిళ్లలోని కన్నంలో తాడు దూర్చాకే నొక్కాలని ప్రతి పుస్తకంలోనూ చదివాను. తీరా అదే మరిచాను. ఆంటీ లేచి వచ్చి, సంచిలోంచి అల్లిక ఊలు తీసి, నేను రాసుకొచ్చిన కాగితాలను చుట్టచుట్టి కట్టారు. ఊలు కొసలు పిండి మధ్యలో పెట్టారు.

“ఊఁ, నొక్కు. ఇప్పుడు ఆ ఆఫీసర్ల పేర్లు చదువు.”

కాగితాలు కట్టేశారు కదా, గుర్తున్నవే చెప్పాను. వాటిలో ఆర్మేనియన్ పేర్లు వచ్చినప్పుడల్లా ఆవిడ నా పలుకు సరిచేశారు. ఒకదాని దగ్గర పకపకా నవ్వారు.

“ఇది మా బాబాయి పేరు! ఆయనా అందరి మీదా పెత్తనం చేసేవాడు.”

ఆ తర్వాత నాకు భయం వేయలేదు.

ఆ కాగితాల చుట్ట ఇప్పుడు ఆవిడ వంటగది కిటికీలో ఉంది. పిండి ఎండి బీటలు వారింది. విప్పి చదువుకోవచ్చుగా ఆంటీ, అంటే టీ పోస్తూ అంటారు:

“ఎందుకూ? లోపలేముందో నువ్వొచ్చి చెబుతున్నావుగా.”